పట్టు రిబ్బను

మా అత్త చేతికందిన అదృష్టాన్ని కాలదన్నుకుందని మా ఇంట్లో అందరూ అనేవారు. మా నాన్నయితే తను పోయే దాకా అన్నాడు. చెల్లెలు ఆ పెళ్లి చేసుకుని ఉంటే తను మిల్లు ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాడట, మేమంతా జట్కా ఎక్కకుండా సొంత బండిలో తిరిగేవాళ్లమట. ఆయన గాల్లో కట్టిన మేడలకి మెట్లెన్నో కూడా నాకు తెలుసు. నిజానికి అత్త ఆ పెళ్లి వద్దనలేదు. ఆ సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది. తెలిస్తే నొచ్చుకునే వాళ్లెవరూ ఇప్పుడు లేరు గనక చెబుతున్నాను.

అత్త పదహారో ఏట గౌన్లు కుట్టే దుకాణంలో పనికి చేరింది. అప్పటికింకా రోడ్ల మీద గుర్రబ్బళ్లే తిరిగేవి. దుకాణంలో ముందు అద్దాల గది, వెనక కుట్టుపని గది, ఆ మూల ఇస్త్రీ పెట్టెలు వేడిచేసే ఇనప పొయ్యి. అంకెలు రాసిన టేపు ఆ దుకాణంలో ఉండేది కాదు. మనిషికో పొడుగాటి కాగితం పట్టీ కత్తిరించేవారు. దాని చివర మెడ దగ్గర ఆనించి, భుజం వచ్చిన చోట కత్తెరతో ఒక గాటు, నడుం దగ్గర రెండు, మణికట్టు దగ్గర మూడు, ఇలా పెట్టుకుంటూ పోయేవారు. పైన పేరు రాసి గోడ మీద మేకుకి తగిలించేవారు. బంగళాల వాళ్లకి మాత్రం కాగితం కాదు, తెల్లటి పట్టు రిబ్బను. గాట్ల బదులు రంగు దారాలతో కుట్లు. కొలతలో కూడా గొప్పా బీదా ఏమిటత్తా అని ఒకసారి అడిగాను. ఉండేది కొలతలోనే అంది.

ఆ దుకాణం యజమానురాలిని అందరూ అమ్మగారనే వారు. ఆమెకొక నియమం ఉండేది. ఎవరైనా పోయారని తెలిస్తే ఆ రోజే వాళ్ల కొలతని ఏడు ముక్కలు చేసి పొయ్యిలో వేయాలి. లేని మనిషి కొలత ఉంచితే అది ఊరుకోదని, ఎవరో ఒకరి ఒంటిని వెతుక్కుంటుందని ఆమె నమ్మకం. పనిపిల్లలు ఆమె చాటున దీని మీద నవ్వుకునేవారు. అత్త కూడా నవ్వింది. ఇలాంటి వాటికి నవ్వే వయసే అది.

చేరిన రోజే పనిపిల్లల కొలతలు కూడా తీసేవారు. కుట్టు సరిచూడ్డానికి ఒకరి గౌను ఒకరికి తొడిగేవారు గనక అవి అవసరం. అత్త చేతులు మామూలు కంటే పొడుగు. దాంతో మొదటి రోజే ఆమెకి పొడుగుచేతులని పేరు పడింది. ఎత్తున ఉన్న దారపుండ కావాలంటే, పొడుగుచేతులా, కాస్త అందుకోవే అనేవారు.

చేరిన వారానికే కబురొచ్చింది. కొండవాలు బంగళాలో కొత్త కోడలు జ్వరంతో పోయింది. పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు. అమ్మగారు ఆవిడ రిబ్బను మేకు నుంచి తీసి అత్త చేతికిచ్చి, కాల్చి రమ్మంది. అత్త పొయ్యి దగ్గర నిలబడి ఆ రిబ్బను వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగి పట్టు ముట్టుకున్న పిల్ల కాదు. తెల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య నుంచి జారిపోతోంది. నీలం కుట్లు, ఆకుపచ్చ కుట్లు, కుడిభుజం దగ్గర ప్రత్యేకంగా ఒక ఎర్ర కుట్టు. ఆవిడ కుడిభుజం ఎడమ దాని కంటే ఒక వేలెడు దిగి ఉండేదట, ఆ గుర్తది. అత్త రిబ్బను జేబులో కుక్కి, ఒక గుడ్డపీలికని ఏడు ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. మర్నాటి నుంచి ఆ రిబ్బనుతో జడ కట్టుకుంది. కుట్లున్న వైపు లోపలికి మడిచి కట్టేది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆరేళ్లు గడిచాయి. మధ్యలో ఎప్పుడో పొడుగుచేతులన్న పిలుపు ఆగిపోయింది. ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు, అత్తతో సహా.

ఆ బంగళా ఆయన, ఊళ్లో మిల్లు ఆయనదే, ఒక రోజు సాయంత్రం దుకాణానికి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. మెత్తని మనిషి, మాట కూడా మెత్తన. చేతిలో అట్టపెట్టె. పోయిన భార్య గౌనుని పురుగు కొట్టేసింది, బాగు చేయాలన్నాడు. అలాంటి గౌను మనిషి ఒంటి మీద ఉంటేగానీ బాగుపడదు. అమ్మగారు చుట్టూ చూసి, సైజుకి సరిపోతుందని అత్తని తొడుక్కుని రమ్మంది. అత్త తొడుక్కుని అద్దాల గదిలోకి వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. గౌను ఎక్కడా లాగలేదు, ఎక్కడా వేలాడలేదు. కుడిభుజం దగ్గర కుట్టు విప్పి వదులు చేయాలనుకుని అమ్మగారు కత్తెర చేతిలో పట్టుకుని ఉంది. ఆ అవసరం రాలేదు. అత్త అద్దంలో చూసుకుంది. కుడిభుజం ఒక వేలెడు దిగి ఉంది. కుట్టుపని చేసేవాళ్లకి ఇది మామూలేలే అనుకుంది.

అక్కడి నుంచి ప్రతి గురువారం ఒక గౌను వచ్చేది. నౌకర్లున్న మనిషి, పెట్టె స్వయంగా మోసుకొచ్చేవాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఏ గుండీలు బాగుంటాయని అత్తని అడిగేవాడు. ఆమె చెప్పినవే కొనేవాడు. నాలుగో వారానికి గౌన్ల సంగతి పక్కకి పోయింది. ఆయన వర్షం గురించి మాట్లాడినా ఆమె చెవులప్పగించి వినేది. నేను ఆయన్ని ప్రేమించానే, అందులో దాపరికమేముంది అంది అత్త నాతో, అరవై ఏళ్ల వయసులో, చెవుల దాకా ఎర్రబడి.

పిల్లనిమ్మని ఆయనే మా ఇంటికి కబురు పెట్టాడు. మా నాయనమ్మ కబురు తెచ్చిన మనిషిని మూడుసార్లు అడిగిందట, ఇల్లు పొరపాటు పడలేదు కదా అని. నాన్నకయితే కాళ్లు నేల మీద నిలవలేదు. ముగ్గురినీ తీసుకెళ్లడానికి బంగళా బండి వచ్చింది. వీధంతా గుమ్మాల్లోకి చేరి చూసింది.

బంగళాలో అన్నీ శుభ్రంగా, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వంటావిడ అందరికీ కుడివైపున టీ కప్పు పెట్టి, అత్తకి ఎడమవైపున పెట్టింది. అత్త ఎడమచేత్తోనే తీసుకుంది. సగం తాగాక తన చెయ్యి చూసుకుని కప్పు కింద పెట్టేసింది. ఇంతలో లోపల్నుంచి ఒక ముసలి కుక్క వచ్చింది. గుడ్డిది. నాన్ననీ నాయనమ్మనీ దాటుకుని సూటిగా అత్త కుర్చీ కిందకి వెళ్లి, ఆమె పాదాల మీద తల పెట్టి పడుకుంది. ఆరేళ్లలో అది ఇలా ఎవరి దగ్గరికీ పోలేదని వంటావిడ గొణిగింది. కుక్కలకి మంచి మనుషులు తెలుస్తారని నాయనమ్మ మురిసిపోయింది. అత్త మాత్రం పాదాలు మెల్లగా వెనక్కి లాక్కుంది.

బయల్దేరే ముందు ఆయన మేడ మీద గది చూపించాడు. దువ్వెన, అద్దం, తలుపు వెనక చెప్పులు.

“ఇక్కడ ఏదీ కదపలేదు. నీకు కొత్తగా అనిపించదు,” అన్నాడు.

ఎంత ప్రేమగా అన్నాడో అత్తకి కళ్లు చెమ్మగిల్లాయి. మెట్లు దిగుతుంటే మాత్రం పదమూడో మెట్టు వదులుగా ఉందని, దాన్ని దాటి కాలు వేయాలని తనకి ఎలా తెలిసిందో అర్థం కాలేదు.

ముహూర్తం కుదిరింది. పెళ్లికి కొత్త గౌను వద్దని, భార్య పెళ్లిగౌనే బాగు చేస్తే చాలని ఆయన పంపాడు. దాన్ని బల్ల మీద పరుచుకుని కుడుతుండగా అత్త జడ ముందుకి పడింది. ముడి జారి రిబ్బను గౌను మీద పడి విచ్చుకుంది. నీలం కుట్టు నడుం దగ్గర, ఆకుపచ్చ కుట్టు మణికట్టు దగ్గర, ఎర్ర కుట్టు భుజం దగ్గర. అమ్మగారు పక్కనే ఉంది. ఆ కుట్లు ఆమె చేత్తో వేసినవే.

“ఎప్పట్నుంచి కడుతున్నావే ఇది?”

“చేరిన వారం నుంచి,” అంది అత్త.

అమ్మగారు తిట్టలేదు. తలుపు వేసి, కొత్త కాగితం పట్టీ తీసి అత్తని నిలబెట్టి కొలిచింది. తర్వాత తలుపు వెనక మేకు నుంచి అత్త పదహారో ఏట తీసిన కొలత దించింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒక్క గాటూ కలవలేదు. కొత్త కాగితం పక్కన రిబ్బను పెట్టింది. అన్నీ కలిశాయి.

“ఒళ్లు పెరుగుతుంది, తగ్గుతుంది, అది నాకు తెలుసు. చెయ్యి పొట్టవ్వడం నేను ఎక్కడా చూళ్లేదు. పదహారేళ్లప్పటి కంటే నీ చెయ్యి రెండు వేళ్లు పొట్టిగా ఉందే తల్లీ.”

ఇప్పుడు దీన్ని కాలిస్తే ఏమవుతుందని అత్త అడిగింది. తనకి తెలీదంది అమ్మగారు. ఉంచుకుంటే బంగళాకి కోడలివవుతావు, అయితే వెళ్లేది నువ్వో ఆవిడో నేను చెప్పలేను అంది.

అత్త రాత్రంతా ఆలోచించిందని చెబితే బాగుంటుంది గానీ, ఆమె అంతసేపు ఆలోచించలేదు. ఇస్త్రీ పెట్టె వేడెక్కేంత సేపు ఆలోచించింది. ఆయనకి తన మీద ఉన్నది నిజమైన ప్రేమయితే తను తనలా ఉన్నా ఉంటుంది. తన ఒంటితో, తన చేతులతో ఆయన్ని చేసుకోవాలి. ఆ పెళ్లి కావాలనే, వద్దని కాదు, ఆమె రిబ్బను ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. మా నాన్నకి ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే ఎంత బాగుండేది. చెప్పినా నమ్మేవాడు కాదనుకోండి.

మూడు రోజుల వరకూ ఏమీ కాలేదు. నాలుగో రోజు పక్కన కుట్టుకుంటున్న పిల్ల తలెత్తకుండా, “పొడుగుచేతులా, ఆ తెల్లదారం అందుకోవే,” అంది. అత్త లేచి అందుకుంది. ముక్కాలిపీట అవసరం పడలేదు. ఆమె గుండె ఝల్లుమంది, సంతోషంతోనే.

మర్నాడు గురువారం. బంగళా ఆయన ముత్యాల గుండీల డబ్బా పట్టుకుని వచ్చాడు. అత్త ఉతికిన గౌను తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని బల్ల ముందు నిలబడింది. ఆయన ఆమెని చూసి, పరిచయం లేని వాళ్లని చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వాడు.

“ఆ అమ్మాయి లేదా?” అన్నాడు.

“ఏ అమ్మాయండీ?”

“ఇక్కడ కుడుతుందే. నాకు కాబోయే...” అని ఆగాడు. పేరు కోసం వెతికాడు. వెతుకుతున్న కొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆయన ఆమె పేరు అడగలేదు. ఆ సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసింది. కాకపోతే ఆ పేరున్న మనిషి ఎదురుగానే ఉందని ఆయనకి తెలీదు.

అమ్మగారు కుట్టుపని గది గుమ్మంలో నిలబడిపోయింది. నేనేనండీ అని అత్త అనొచ్చు. నోటి దాకా వచ్చిందట. ఆయన కళ్లు ఆమె మీదుగా వెనక గదిలోకి వెతుకుతున్నాయి.

“ఆవిడ వెళ్లిపోయిందండీ,” అంది అత్త.

ఆయన కిటికీ పక్క కుర్చీలో దుకాణం మూసే దాకా కూర్చున్నాడు. గుండీలు బల్ల మీద వదిలేసి వెళ్లాడు. తర్వాత మూడు వారాలు బంగళా బండి మా గుమ్మం ముందు ఆగేది. బండివాడు అత్తని చూసి, అమ్మాయిగారిని పిలవండి అనేవాడు. అత్త లోపలికి వెళ్లి తలుపు వేసుకునేది. నాన్న నెత్తీ నోరూ బాదుకున్నాడు. అలా పుట్టిన మాటే కాలదన్నుకోవడం.

ఆమె ఏడవలేదని నేను చెప్పను. రెండేళ్లు ఏడ్చింది. ముప్ఫై ఒకటో ఏట దుకాణం గోడ గడియారం ఆగిపోతే బాగుచేయించడానికి పట్టుకెళ్లింది. గడియారాల ఆయన చీటీ తీసి, ముందు మీ పేరు చెప్పండి, రాసుకోవాలి అన్నాడు. అత్త పగలబడి నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చే దాకా. పాపం ఆయన బెదిరిపోయి మంచినీళ్లిచ్చాడు. ఆయనే మా మామయ్య. ముప్ఫై ఎనిమిదేళ్లు కాపురం చేశారు, మంచం మీది దుప్పటి కోసం తప్ప దెబ్బలాడుకోలేదు.

అమ్మగారి తర్వాత దుకాణం అత్తకి వచ్చింది, అత్త తర్వాత నాకు. నేను పనిలో చేరిన రోజుల్లో ఆమెకి గౌను కుడుతూ ఒక సంగతి గమనించాను. చేతులు పొడుగ్గానే ఉన్నాయి, పదహారో ఏటి కాగితం మీద గాట్లన్నీ సరిపోయాయి. కుడిభుజం మాత్రం వేలెడు దిగి ఉంది. రిబ్బను కాల్చినా ఇదెందుకు పోలేదత్తా అన్నాను. కుట్టుపని చేసేవాళ్లకి ఇది మామూలేనే అని మాట మార్చేసింది. నేనే ఆ భుజానికి తగ్గట్టు ఏడాదికో గౌను కుట్టేదాన్ని. ఆఖరి గౌను కూడా ముందే కుట్టించుకుంది.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం ఆ గౌను నేనే తొడిగాను. అతికినట్టు సరిపోయింది. పిన్నీసుల కోసం ఆమె కుట్టుపెట్టె తెరిచాను. అడుగున రెండున్నాయి. ఒకటి మామయ్య రాసిచ్చిన గడియారం చీటీ, ఆమె పేరుతో. రెండోది వేలెడు పొడుగున్న తెల్ల పట్టు ముక్క, మధ్యలో ఎర్ర కుట్టు. ఏడు ముక్కల్లో ఆరే పొయ్యిలో వేసిందన్నమాట. ఆ ఒక్కటీ చేతులారా కాల్చలేకపోయింది. ఒకప్పుడు తనని చూసి ఒక మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె దాచుకున్నది అదే.

నియమం నియమమే. ఆమె కొలత కాగితాన్ని ఏడు ముక్కలు చేశాను. పట్టుముక్కతో కలిపి అన్నీ ఇస్త్రీ పొయ్యిలో వేశాను. చీటీ మామయ్యకిచ్చాను. తిరిగి లోపలికి వెళ్లి ఆమె మెడ దగ్గర ముడతలు సరిచేయబోయాను.

రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. నేను కొలిచి కుట్టిన గౌనులో కుడిభుజం దగ్గర గుడ్డ ఒక వేలెడు బిగిసిపోయి, నేను వేసిన కుట్టు అక్కడ పిగిలిపోయి ఉంది.