కుక్క పడుకునే గోనెసంచి

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా ఇంట్లో పిల్లికే ప్రాణసంకటం. వాకిట్లో రెండు కుక్కలుండేవి. నల్లది ముసలిది, పళ్లు ఊడిపోయాయి. ఎర్రదాన్ని కళ్లు తెరవనప్పటి నుంచి సీసాతో పాలు పట్టి పెంచాను. ఏడాది కింద తెచ్చిన పిల్లికూనను ఆ ఎర్రదే ఒక్క విదిలింపుతో చంపేసింది. కూన భయపడి పరుగెత్తింది, ఇది వెంటబడింది, అంతే. కుక్క బుద్ధి అది, నాకు తెలుసు. అయినా మనసు విరిగింది. అన్నం పెట్టేదాన్ని గానీ, ఆ రోజు నుంచి దాన్ని పేరుపెట్టి పిలవలేదు.

ఈలోగా విత్తనానికి దాచిన పల్లికాయ మూటలను ఎలుకలు కొరికి పొట్టు పొట్టు చేశాయి. "పిల్లి లేని ఇల్లు గిట్లనే ఉంటది. జల్ది తెచ్చుకోర్రి" అంది అత్త.

మా ఆయన మాత్రం ముందే తేల్చి చెప్పాడు. "ఈసారి మల్ల గట్లనే అయితే ఎర్రదాన్ని ఇటుకబట్టీ వాళ్లకు ఇచ్చుడే. తర్వాత నువ్వు ఏడ్వద్దు."

దానితో మాట్లాడకపోవడం వేరు, అది లేకపోవడం వేరు.

హాలియాలో మా ఆడబిడ్డ ఇంట్లో నాలుగు కూనలున్నాయంటే కేతేపల్లి నుంచి బండి మీద బయల్దేరాం. దారి చూసిన పిల్లి పాత ఇంటికే తిరిగి పోతుందని మా వైపు నమ్మకం. "సంచిల కట్టుకొని రార్రి, తొవ్వ కనవడొద్దు" అని అత్త రెండుసార్లు చెప్పింది. మా ఆయన వరండాలో చేతికందిన గోనెసంచి మడిచి చంకన పెట్టుకున్నాడు.

అక్కడ వడ్ల బస్తాల పక్కన కూనలు ఆడుకుంటున్నాయి. మా ఆయనకు బొద్దుగా ఉన్న పసుపుది నచ్చింది. ఆడబిడ్డ మూడు రంగులదాన్ని తీసుకొమ్మంది. నేనేమో పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇత్తడి పళ్లెం తీసి గచ్చు మీద ఠంగున పడేశాను. రెండు కూనలు బస్తాల వెనక్కి ఉరికాయి. ఒకటి వీపు పైకెత్తి బుస్సుమంది. మసిగుడ్డ రంగులో ఉన్న నాలుగోది నావైపు ఒకసారి చూసి, మళ్లీ కాలు నాక్కుంటూ కూర్చుంది.

"ఇదే" అన్నాను.

"అయ్యో వదినా, గది ఉత్త సోమరిది. ఎలుక మీదికెల్లి పోయినా కదలది" అని ఆడబిడ్డ నవ్వింది.

"ఉరకకుంటె సాలు. ఎలుకల సంగతి తర్వాత."

దారంతా సంచిని ఒళ్లో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి గచ్చు మీద దింపానో లేదో, అత్త నెత్తి కొట్టుకుంది. "ఓరి, నీ తెలివి పాడుగాను! గది ఎర్రది పండుకునే సంచి గదరా!"

"గదే చేతికందింది, తీస్కపోయిన" అని మా ఆయన గొణిగాడు. దారి తెలియకుండా దాచాలనే ధ్యాసలో, సంచి ఎవరిదో ఎవరమూ చూడలేదు. పొద్దటి నుంచి పడక కోసం వెతుక్కుంటున్న ఎర్రది అప్పటికే పరుగున వచ్చేసింది. దాని మెడపట్టీ రెండు చేతులా పట్టుకున్నాను.

అది సంచిని ఈ మూల నుంచి ఆ మూలకు వాసన చూసింది. దారిలోనే వదులైన ముడిలోంచి కూన తల బయటపెట్టింది. దాని ఒంటినిండా ఎర్రదాని వాసనే. కుక్క ఆ తలను కూడా వాసన చూసి, గట్టిగా ఒక తుమ్ము తుమ్మి, సంచిలో ఖాళీగా ఉన్న సగం మీద పడుకుంది. కూన పరుగెత్తలేదు.

ఆ పిల్లి నేటికీ ఒక్క ఎలుకను పట్టింది లేదు. విత్తనాలను ఇనుప డ్రమ్ముల్లోకి మార్చుకున్నాం. అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ సాయంత్రం మాత్రం ఎలుకల మాట ఎవరమూ ఎత్తలేదు. నేను మెడపట్టీ వదిలి, ఏడాది తర్వాత, ఎర్రదాన్ని పేరుపెట్టి పిలిచాను. పిలిస్తే చాలు మీదికి దూకే కుక్క అది. లేవలేదు. కూన దాని పొట్టకు ఆనుకుని నిద్రపోతోంది. తోక మాత్రం గచ్చు మీద టపటపా కొట్టుకుంది.