తాళం వేసిన కొట్టుగదిలో సరోజత్తా, నేనూ

మా చిన్నతనంలో ఒక ఎండాకాలం సెలవులన్నీ సొంత ఇంట్లోనే చుట్టాల్లా ఒదిగి ఒదిగి బతికాం... ఎందుకంటే అది అమ్మకానికి పెట్టిన ఇల్లు.

కమలాపురంలో మాది నాపరాళ్లు పరిచిన పాత మిద్దె. అంగడి సాగక నాన్న మూసేశాడు. కడపలో మా మేనమామ దుకాణంలో నాన్నకు పని సిద్ధంగా ఉంది. కానీ ముందు ఈ ఇల్లు అమ్ముడుపోవాలి.

ఓబులేసు అనే బ్రోకరు వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. "ఏమప్పా, ఇట్లుంటే ఎవురు కొంటారు? వచ్చేటోళ్లకు చూస్తానే కండ్లు చల్లగా కావాల" అన్నాడు.

ఇక మొదలైంది... గోడలకు సున్నం కొట్టించారు. వాకిలి చెక్క మీద నా ఎత్తు కొలిచి గీసిన గీతలు నీలం రంగు కింద పోయాయి. వాననీళ్లు దిగి చెమ్మ పట్టిన చోట పెద్ద క్యాలెండరు తగిలించారు. పక్కింటి వాళ్ల సోఫా అడిగి తెచ్చి ముందున్న పడసాలలో వేశారు. దాని మీద మేమెవ్వరం కూర్చోకూడదు. ఘాటు నిలుస్తుందని అమ్మ తిరగవాత కూడా పెరట్లోనే పెట్టేది.

పోతూ పోతూ ఓబులేసు గొంతు తగ్గించాడు. "ఇంగొక మాట... ఏమనుకోవద్దు. మీ చెల్లెలు ఎదురు రాకుండా చూసుకోప్పా. చిన్న వయసులో మొగుడు పోయిన మనిషి ఉండాదని తెలిస్తే, ఈ ఇల్లు అచ్చిరాలేదంటారు."

నాన్న తలూపాడు. వసారాలో చేటలో బియ్యం చెరుగుతున్న సరోజత్త చేతులు ఆగిపోయాయి.

సరోజత్త నాన్నకు ఒక్కతే చెల్లెలు. పెళ్లయిన రెండో ఏడే మామ లారీ కింద పడి పోతే పుట్టింటికి వచ్చేసింది. నాకు జడలు వేసేది, లెక్కలు చెప్పేది, నవ్విందంటే వీధి చివరికి వినిపించేది...

ఓబులేసు ఆ మాట అన్నప్పట్నుంచి ఫోను మోగితే చాలు, ఆట ఆపి అత్త వైపు చూసేదాన్ని. "వస్తాండారు" అని ఓబులేసు చెప్పగానే అత్త లేచి కొట్టుగదిలోకి వెళ్లేది. ఒక్కతే ఉండలేదని నన్నూ పంపేవాళ్లు. బయట నాన్న తాళం వేసేవాడు.

ఆ గదికి కిటికీ లేదు. పైకప్పుకున్న చిన్న గవాక్షి కంతలోంచి రొట్టెంత వెలుగు పడేది. వేరుశనగ గోతాల వాసన, ఉడుకు, చెమట... చప్పుడు కాకుండా పమిట పరిచి దాని మీద గచ్చకాయలు ఆడేవాళ్లం. దగ్గొస్తే అత్త నా ముఖాన్ని తన పొట్టకు అదుముకునేది. బయట ఎవరివో అడుగులు మా ముందు నుంచే పోయేవి. ఊపిరి కూడా వాళ్లు పోయాక పీల్చుకోవాలేమో అనిపించేది.

ఒకరోజు ఎర్రగుంట్ల వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఎంతసేపటికీ పోలేదు. నాకు ఒంటేలుకు వస్తోంది. కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. ఇంతలో ఒకావిడ గొంతు తలుపు దగ్గరే వినిపించింది. "ఈ గదేంది?"

"పాత సామాన్లమ్మా" అన్నాడు నాన్న. "తాళంచెవి మా చెల్లెలు కాడ ఉండాది. ఆమె ఊర్లో లేదు."

అత్త ముఖం ఆ కాస్త వెలుగులో చూశాను. ఏడుస్తుందనుకున్నా... ఏడవలేదు. నన్ను చూసింది. నా కళ్లలో నీళ్లు, ముడుచుకున్న కాళ్లు చూసింది. లేచి తలుపు మీద గట్టిగా కొట్టింది.

"అన్నా, తలుపు తీ! పాపకు ఒంటేలుకు వస్తాంది. నేను ఊర్లోనే ఉండా."

బయట తాళం తీసిన చప్పుడు. నేను పెరట్లోకి పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి అత్త పడసాల మధ్యలో నిలబడి ఉంది. జుట్టుకు బూజు, రవికంతా చెమట. "రాండక్కా, నేను చూపిస్తా" అంటోంది ఆవిడతో. క్యాలెండరు పక్కకు జరిపింది. "ఈడ వానకు దిగుతాది. ఆ మూల మాత్రం ఎండాకాలం శానా చల్లగా ఉంటాది." వాళ్లు "మళ్లీ కబురు చేస్తాం" అని వెళ్లిపోయారు. చేయలేదు.

ఓబులేసు గొంతు చించుకున్నాడు. అమ్మే ముందుకొచ్చింది. "ఇల్లు అమ్ముడుపోతే పోయె, ల్యాకపోతే ల్యా. సరోజ ఇంగ ఆ గదిలోకి పోదు."

ఓబులేసు పోయాక నాన్న అత్త ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "ఏమ్మా... అన్నం తిన్యావా?" అన్నాడు. అంతకంటే ఆయనకు చేతకాలేదు. అత్త అప్పుడు ఏడ్చింది.

ఇల్లు ఆ ఏడు అమ్ముడుపోలేదు. మరుసటి ఏడు చర్చి దగ్గరి టీచరమ్మ కొనుక్కుంది. ఇల్లంతా తిప్పి చూపించింది సరోజత్తే. కడపకు వచ్చాక కుట్టుమిషన్ నేర్చుకుంది. ఇప్పుడు తన దగ్గర నేర్చుకునే ఆడపిల్లలతో కూర్చుని నవ్వుతుంటే మళ్లీ వీధి చివరికి వినిపిస్తుంది.

ఇప్పుడు ఇల్లు అమ్మాలంటే ఫోన్లో నాలుగు ఫొటోలు పెడితే చాలు... ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నేను గోడలు చూడను. మూసి ఉన్న తలుపు ఏదైనా ఉందా అని వెతుకుతాను.

మీ ఇంట్లోనూ ఎవరైనా వస్తున్నారంటే లోపలికి వెళ్లిపోయిన మనిషి ఉండేవారా? ఉంటే వాళ్ల పేరు ఇక్కడ రాయండి... ఇక్కడైనా అందరి ముందూ కూర్చోనీ.