రెండు కొసల కుట్టు

పెద్దావిడ ఎవరితో మాట కలిపినా, రెండో మాటకల్లా తన చేతిపని దగ్గరకి వచ్చేసేది. "నాటకశాల తెర నేనే కుట్టాను. కోర్టులో జడ్జిగారి నల్లకోటు నా చేతిదే. పల్లెటూరి బళ్లో ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, అయినా నా కుట్టుకి వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు" అనేది. వీధిలో వాళ్లు ఎదురుగా పెద్దమ్మగారూ అని, చాటున 'స్కేలుబద్ద' అని పిలిచేవారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసి మురిసిపోయేది.

టైలరు కొట్టు ఆమెదీ, చెల్లెలిదీ. చెల్లెలు మాట్లాడేది తక్కువ, నవ్వేది ఎక్కువ. పొడుగాటి బట్ట చేతికుట్టుకి వస్తే వాళ్లకొక పద్ధతుండేది. అక్క ఒక కొసన మొదలుపెడితే చెల్లెలు రెండో కొసన మొదలుపెట్టేది. ఎదురెదురుగా కుట్టుకుంటూ వచ్చి, ఇద్దరి దారాలూ కలిపి ఒక్కటే ముడి వేసేవారు. ముడి ఎప్పుడూ సరిగ్గా నడిమికే పడేది. టేపు పెట్టి కొలవమని పందెం కాసేది పెద్దావిడ.

ఒకనాడు ఒక ఆర్టిస్టమ్మాయి వచ్చి రెండు తెల్లబట్టల తానులు బల్లమీద పెట్టింది. "అంచూ అంచూ కలిపి నల్లదారంతో చేత్తో కుట్టాలండీ" అంది.

"తెల్లబట్టకి నల్లదారమా? ఏ టైలరైనా చూస్తే నవ్విపోతాడమ్మా!"

"కనబడాలనే అండీ. చూసినవాళ్లు దాన్ని చదువుకోవాలి."

"బట్ట కట్టుకుంటారు గానీ చదువుతారా ఎవరైనా?" అని చెల్లెలికి కన్నుగీటి, పెద్దావిడ సూదిలో దారం ఎక్కించింది.

ఆ పనిలో మాత్రం ముడి నడిమికి పడలేదు. అక్క నాలుగింట మూడు పాళ్లు కుట్టుకొచ్చాక గానీ చెల్లెలు ఎదురుపడలేదు. "ఏమే, నిద్రపోతూ కుట్టావా? మూడు పాళ్లు నా నెత్తినే రుద్దావు!" అంది పెద్దావిడ. "నీ చేతికి ఎదురేముందక్కా" అని నవ్వి ముడి వేసింది చెల్లెలు. బట్ట కొట్టు గడప దాటిన కొద్ది వారాలకే చెల్లెలి గుండె ఆగిపోయింది.

ఆ బట్టని గ్యాలరీలో వేలాడదీశారని చెల్లెలి కూతురు వచ్చి చెప్పింది. ఆ పిల్ల బస్సు డిపోలో టికెట్లిచ్చే ఉద్యోగం చేస్తోంది. గోడమీద ఆర్టిస్టు పేరొక్కటే ఉందట. అయితే పక్కన ఒక కంప్యూటరు బల్ల పెట్టారనీ, దాంట్లో ఎవరైనా రాయొచ్చనీ, రాసింది గోడమీద కనబడుతుందనీ అంది.

"అయితే పద. మూడు పాళ్లు నేను కుట్టానని లోకానికి తెలియాలా వద్దా?" అంటూ పెద్దావిడ చెప్పులు వేసుకుంది.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి బట్ట కట్టి ఉంది. "ఉతికి ఆరేసినట్టు కట్టారేమిటే!" అంది ఆమె, గొంతు తగ్గించకుండానే. కింద అద్దంలాంటి పొడుగాటి బల్ల, అందులో బట్ట బొమ్మ ఉన్నాయి. బల్ల దగ్గరుండే ఉద్యోగి ఓపిగ్గా చెప్పాడు. చూసినవాళ్లు బొమ్మమీద వేలు పెట్టి, అక్కడ తమకి ఏం తోచిందో రాస్తారు. ఒకేచోట వేలు పెట్టినవాళ్ల మాటలన్నీ కంప్యూటరు కలిపి ఒక వాక్యం చేస్తుంది. ఒంటరి మాటని మాత్రం గోడకి ఎక్కించదు. బల్ల రెండో కొసన ఇంకొకరు 'నాకూ అలాగే తోచింది' అని అరచెయ్యి ఆనించాలి.

"అంటే నా మాటకి సాక్షి కావాలా? కోర్టే నయం బాబూ, కోటు కుట్టినదాన్నని మర్యాదైనా ఇస్తారు."

"ఫరవాలేదు పెద్దమ్మా, నేను వేస్తాలే చెయ్యి" అని నవ్వింది కూతురు.

పెద్దావిడ ముందు బొమ్మలో తను కుట్టిన వైపు చూసుకుంది. గీత గీసినట్టున్న ఆ కుట్టుమీద ఒక్క వేలిగుర్తూ లేదు. ఇంతమంది చూసి ఒక్కరికీ ఏమీ తోచలేదా? ముడికి అటువైపు, చెల్లెలు కుట్టిన ఆ కాస్త మేరా, వేలిగుర్తులతో వెలిగిపోతోంది. ఉద్యోగి ఒక్కొక్క గుర్తునీ తాకుతూ చదివాడు. బరువుతో మెట్లెక్కే మనిషిలా ఉంది అన్నారొకరు. మా నాన్న చివర్లో మాట్లాడినట్టుంది, నాలుగు మాటలకో ఊపిరి అన్నారు ఇంకొకరు. అవన్నీ కలిపి కంప్యూటరు చేసిన వాక్యం గోడమీద ఉంది: 'ఇటు కుట్టినవారికి ఊపిరి అందలేదు. అయినా సూది వదల్లేదు.'

"బట్ట చూసి రోగం చెప్పేయడానికి వీళ్లేమన్నా డాక్టర్లా?" అంటూనే ఆమె అసలు బట్ట దగ్గరికి నడిచింది. కళ్లజోడు సర్దుకుంది. కుట్లు వంకర లేవు. కానీ కొన్ని కుట్లు, ఒక ఖాళీ. మళ్లీ కొన్ని కుట్లు, మళ్లీ ఖాళీ. సూది ఆగిన చోటల్లా బట్ట సన్నగా ముడుచుకుంది. ముడి దగ్గరయ్యేకొద్దీ ఖాళీలు ఎక్కువయ్యాయి. ఊళ్లోవాళ్ల బట్టలన్నిటికీ వంకలు పట్టిన కళ్లు, పక్కన కూర్చున్న మనిషి చేతిని ఇప్పుడు చూస్తున్నాయి.

"మీ అమ్మకి ఆయాసం వచ్చేదా?"

కూతురు ముడి వైపు చూసింది. "మెట్ల మధ్యలో ఆగిపోయేది. ఏమిటమ్మా అంటే, చెప్పు తెగిందేమో చూసుకుంటున్నానే అనేది."

"నాతో అనలేదేమే?"

"తెలిస్తే కొట్టుకి రావద్దంటావని, పెద్దమ్మా."

పెద్దావిడ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. కూతురు రెండో కొసకి వెళ్లి నిలబడింది. ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ 'మూడు పాళ్లు' అని రాసి ఆగింది పెద్దావిడ.

"రాయి పెద్దమ్మా, నిజమేగా" అంది కూతురు అక్కణ్ణించి.

ఆమె ఆ రెండు మాటలూ చెరిపేసింది. బొమ్మలో ముడికి అటువైపు వేలు పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. ఆమె రాసింది నెమ్మదిగా బల్ల రెండో కొసన తేలింది: 'ఇది మా చెల్లెలు కుట్టింది. ఎక్కువ దూరం వచ్చింది తనే.'

కూతురు చదివి, కళ్లు తుడుచుకుని అరచెయ్యి ఆనించింది. గోడమీద ఏమీ రాలేదు.

"తడిచేతిని అద్దం గుర్తుపట్టదమ్మా" అన్నాడు ఉద్యోగి మెల్లిగా.

ఆ పిల్ల బట్టలకి చెయ్యి తుడుచుకుని మళ్లీ ఆనించింది. పెద్దావిడ ఇటు కొసన తల ఎత్తకుండా కూర్చుంది.