తలుపుకు కొట్టిన బొంత

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే లేచి వెళ్ళి అంట్లు తోముకునే రకం నేను. ఇప్పటికీ నమ్మను. కానీ సిద్దిపేటలో మేము కిరాయికి ఉన్న ఇంట్లో జరిగింది మాత్రం చెప్పకుండా ఉండలేను.

తొంభైలలో మాట. ఒకటే ఇల్లు, రెండు వాటాలు, నడుమ ఒక తలుపు. అవతలి వాటాలో, అందరూ ఖాలా (పిన్ని) అని పిలిచే ముసలి జుబేదా రోజంతా కుట్టు మిషన్ తొక్కేది. మా ఆయన రాత్రి బస్సు డ్రైవరు. పగలు నిద్రపోవాలి. ఆ టకటకకు కునుకు పట్టేది కాదు. ఒకసారి బెజ్జంకి దాటాక కళ్ళు మూతపడి బస్సు రోడ్డు దిగిందట. ఎవరికీ ఏమీ కాలేదు గానీ నాకు చాలా భయం వేసింది. ఖాలాను ఆపమందామంటే ఆమె బతుకుతెరువే అది.

అందుకని తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కి, మీద గోనెసంచులు, వాటి మీద బొంత పరిచి మేకులు కొట్టాం. వచ్చిన తంటా అంతా ఆ బొంతతోనే. పోయినవాళ్ళ బట్టలు మా వైపు ఇంట్లో ఉంచుకోరు. నాకేమో మంచి నేత చీరలు వదులుకోవడానికి చేతులు రాలేదు. మా అత్తమ్మ పోయాక ఆమె చీరలన్నీ కలిపి ఆ బొంత కుట్టాను.

మర్నాడు మధ్యాహ్నం మిషన్ చప్పుడు వినపడలేదు. గురక వినపడింది, తలుపులోంచి.

మా అత్తమ్మ గురక నాకు తెలియదా? గట్టిగా లాగి, మధ్యలో ఆపి, మనం కంగారుపడేలోపు ఈల వేసినట్టు వదిలేది. అచ్చం అదే. నాకు ముచ్చెమటలు పట్టాయి. మా ఆయన మాత్రం అమ్మను పిలిచినట్టు "అవ్వా" అని గొణిగి, అటు తిరిగి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. ఇక రోజూ అదే వరస.

నా భ్రమేమో అనుకుంటుండగా ఖాలా వచ్చింది. "బేటీ, మీ ఇంట్ల ఎవరొచ్చిన్రు? గా గురక ఇంటుంటె నాకు గూడ నిద్రొస్తున్నది. నిన్న జాకెట్ చెయ్యి తీస్కపోయి మెడకు కుట్టిన!" అంది. ఆ గురక పోయిన మా అత్తమ్మదేనని చెప్పక తప్పలేదు.

కొన్నాళ్ళకు ఇల్లుగలాయన మా వాటా ఖాళీ చేయమంటే వేరే వీధికి మారాం. బొంతను భద్రంగా ఊడదీసి కొత్తింటి తలుపుకు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఆ గురక అలవాటై, అది లేక నిద్రపట్టని మా ఆయన మళ్ళీ ఎర్రటి కళ్ళతో డ్యూటీకి పోసాగాడు. ఆయన తిరిగొచ్చేదాకా నా ప్రాణం గుప్పిట్లోనే ఉండేది.

ఒకరోజు మార్కెట్లో ఖాలా కనబడి నా చెయ్యి పట్టుకుంది. "మీ అత్త మా తలుపుకాడనే ఉన్నది బేటీ. బొంత లేకున్నా గురక పెడుతున్నది" అంది.

ఇంటికొచ్చి చెప్పాను.  మా ఆయన దిండు చంకన పెట్టుకుని సైకిలెక్కాడు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఆయన పగటి నిద్ర ఖాలా ఇంట్లోనే.

"మీ ఆయన రోజు మెత్త పట్టుకొని ఎటు పోతడు?" అని వీధిలో ఆడవాళ్ళు ఆరా తీసేవారు.

"వాళ్ళవ్వ దగ్గరికి" అనేదాన్ని.

ఆమె పోయిన సంగతి తెలిసినవాళ్ళు ఇంకేమీ అడిగేవారు కాదు.