అడుగునుంచి పిడికెడు గూళ్ళు

శిడ్లఘట్ట దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి ఒక వాసన వస్తుంది. పట్టుగూళ్ళు ఉడికే వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఊరివాళ్ళు మాట మధ్యలో ఆపకుండానే ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం కళ్ళు మూసుకుంటాను. వేడినీళ్ళలో తెల్లటి గూళ్ళు దొర్లుతూ, కంటికి ఆనీ ఆనని పోగును వదులుతూ తేలడం రెప్పల వెనక కనపడుతుంది. ఆ ఆవిరిలోంచి, గొడుగు చంకన పెట్టుకుని, రత్నమ్మ మేడమ్ నడిచి వస్తారు. ఆమె చింతామణిలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సమాజశాస్త్రం చెప్పేవారు. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం గురించి చెప్పాలి, మా పరిచయానికి పునాదిరాయి అదే కాబట్టి. పట్టుపురుగును ఎన్నడూ చేత్తో ముట్టని నేను, పట్టుపురుగుల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు పట్టుపురుగుల గురించి చదువు అమ్మాను. రంగు ప్రింటులో, చుట్టూ పూల అంచు వేసి మరీ.

రెండువేల ఐదో, ఆరో. మావాళ్ళు తరాలుగా చిల్లర అంగడి వ్యాపారులు. బెల్లం దిమ్మెల పక్కన నాన్నతోబాటు కూర్చోవడం నామోషీ అనిపించి, బెంగళూరులో కంప్యూటరు కోర్సు ఒకటి చేసి వచ్చి, చింతామణి బస్టాండుకు దగ్గర్లో బ్రౌజింగ్ సెంటరు పెట్టాను. దానికి విశ్వజాల అని పేరు. నిజానికి మా అంగట్లో అంతర్జాలం కన్నా మూలల్లోని సాలెజాలమే వేగంగా అల్లుకునేది. ఉగాదికల్లా అది నిలదొక్కుకోకపోతే తలుపు మూసేసి వచ్చి తక్కెడ పట్టుకోమని నాన్న చెప్పేశాడు. అలాంటి రోజుల్లో నన్ను ఆదుకున్నవి బడి ప్రాజెక్టులు. పిల్లవాడు వచ్చి విషయం పేరు చెప్పేవాడు. నేను ఆ మాట కొట్టి, తెర మీద అన్నిటికన్నా పైన ఏది వస్తే దాన్ని ఎత్తి, అతికించి, అట్ట మీద వాడి పేరు పెద్దక్షరాల్లో వేసి ఇచ్చేవాడిని. తరువాత వచ్చినవాడికి పేరు మార్చితే చాలు. ఆ పంట పండినన్నాళ్ళూ నేనొక విద్యాదాతననే అనుకున్నాను.

ఒక సాయంత్రం రత్నమ్మ మేడమ్ గుడ్డసంచి నిండా ప్రాజెక్టులు తెచ్చి నా ముందు పెట్టి కుర్చీలో కూర్చున్నారు. ఇవన్నీ నీ అంగడివేనా అప్పా అని అడిగారు. పొగడటానికి వచ్చారనుకుని అవునన్నాను, పూల అంచు కూడా నేనే ఎంచానని వివరంగా చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నారు. పైదాన్ని విప్పి, ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమన్నారు. మంచు కరిగి చెట్లు చిగిర్చిన తరువాత, ఏడాదికొక్కసారి, పట్టుపురుగులను పెంచుతారని ఇంగ్లీషులో ఉంది. రెండోదీ తెరిచారు. అందులోనూ అదే మంచు. మూడోదానిలో మంచుతోబాటు, లోపలి పేజీలో వేరే పిల్లవాడి పేరు కూడా ఉండిపోయింది.

"మంచు యాడ కరిగిందప్పా? చింతామణిలోనా, శిడ్లఘట్టలోనా?"

నేను ప్రింటరు వైపు చూశాను. మేడమ్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఈ పిల్లోళ్ళ ఇండ్లల్లో పంట మీద పంట తీస్తాండారు. పురుగుల పక్కనే పండుకుంటారు. పొద్దున లేసి నీకాడికొచ్చి పురుగు సంగతి కొనుక్కుపోతారు. ఇంట్లో ఉండేది చదువు కాదని వాళ్ళకు ఎవురు చెప్పినారో, అది తెలీల్ల నాకు."

ఇక మీదట ప్రింటు తీసుకోనని, సొంత చేతిరాతే కావాలని, ప్రతి సంగతి కిందా అది చెప్పిందెవరో, ఎక్కడివారో రాయాలని తరగతిలో చెప్పేశారట. నా కళ్ళ ముందు ఉగాదీ, తక్కెడా కలిసి ఊగాయి. ఈ ప్రాజెక్టులు లేకపోతే నా అంగడి ఉండదు మేడమ్ అన్నాను. ఆమె సంచి సర్దుకుంటూ, శనివారం ఒంటిపూట బడి అయ్యాక పిల్లల్ని పిలుచుకొస్తానని, వాళ్ళు అందరిలాగే గంటకింత ఇస్తారని, అయితే కంప్యూటరు ముందు వాళ్ళే కూర్చోవాలని, నేను మాత్రం వేలు పెట్టకూడదని చెప్పారు. వేళ్ళు తప్ప వేరే విద్య లేని నాకు అది శిక్షలాగే ఉండింది.

మొదటి శనివారానికి ముందు, ఏదో సెలవు దినాన, ఆమె మమ్మల్ని శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ మార్కెట్టుకు తీసుకుపోయారు. కొందరు పిల్లలూ, నేనూ. పొద్దుటి వెలుతురు రేకుల సందుల్లోంచి పడి గూళ్ళ మీద పసుపుగా పరుచుకుంది. ఆ హాలంతా ఒక మెత్తటి నిద్రలో ఉన్నట్టుండింది, వేలంపాట అరుపులు ఎక్కడో కలలో వినపడినట్టు. పట్టు తీసే రీలర్లు ఒక్కో తొట్టి దగ్గర ఆగి, పైన మెరుస్తున్న గూళ్ళను చూడను కూడా చూడకుండా, మోచేతి దాకా చెయ్యి దించి అడుగునుంచి పిడికెడు తీస్తున్నారు. ఒక గూడును చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపలి పురుగు గలగలమంటుందేమో వింటున్నారు. మేడమ్ పిల్లల్ని ఒకే ఒక మాట అడిగారు.

"పైన ఉండే గూళ్ళు ఎవురు పెట్టినారు, ఎందుకు పెట్టినారు?"

అమ్మేవాళ్ళు, మంచివి పైన కనపడాలని, అని ఒకరిద్దరు చెప్పారు. అంతకు మించి ఆమె ఏమీ వివరించలేదు. బస్సులో తిరిగివచ్చేటప్పుడు కిటికీ అంచుకు తల ఆనించి, నా అంగట్లో ఇన్నాళ్ళూ నేను ఎత్తి ఇచ్చిన పై వరుసలన్నిటినీ తలుచుకున్నాను. వాటిని అక్కడ ఎవరు పెట్టారో నేనెప్పుడూ అడగలేదు.

ఆ శనివారాలు ఇప్పటికీ నాకు కొంచెం పొగమంచులోంచే కనపడతాయి. ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురేసి పిల్లలు, ఒకే కుర్చీలో ఇద్దరు. సగం మధ్యాహ్నం కరెంటు ఉండేది కాదు. తెరలు నల్లబడగానే నేను డబ్బులు తిరిగి ఇవ్వాలేమోనని దిగులుపడేవాడిని. మేడమ్ మాత్రం అదే అదను అన్నట్టు కుర్చీ ముందుకు జరుపుకునేవారు. ఏం వెతకాలో తెలీకుండా వెతికితే ఏదైనా దొరుకుతుందని, దొరికిందంతా మనకు కావలసింది కాదని చెప్పి, ముందు ప్రశ్నలు రాయమనేవారు. తలుపు సందులోంచి పడే వెలుగు చారలో పిల్లలు తలలు దగ్గర పెట్టుకుని రాసేవాళ్ళు. ఒక్కోసారి ఆ నిశ్శబ్దంలో ఫ్యాను చివరి చుట్టు ఆగడం కూడా వినపడేది. కరెంటు వచ్చినప్పుడు ఎవరో కలలోంచి లేపినట్టు అందరం ఉలిక్కిపడేవాళ్ళం.

దిబ్బూరహళ్ళి వైపునుంచి వచ్చే పవిత్ర అనే పిల్ల ఆ మంచు వాక్యంతో రెండు వారాలు పోట్లాడింది. మా ఇంట్లో అట్ల లేదు మిస్, ఒక పంట గూళ్ళు అమ్ముతానే పురుగులుండే మనె కడిగి ఇంకో పంట ఎత్తుకుంటాం, ఇది అబద్ధం, అంది. అబద్ధమని అనేముందు అది ఎక్కడివాళ్ళు రాసిందో చూడమన్నారు మేడమ్. పవిత్ర తెర కిందికంటా దిగి, ఇంకో పేజీకి పోయి, అది చలిదేశం మాటని పట్టుకుంది. అక్కడ చెట్లు ఆకు రాల్చి మోడుబారతాయి, పురుగులకు మేత ఉండదు. ఆ రోజు ఆ పిల్ల మొహం నాకు బాగా గుర్తు. ఇంటిదీ నిజమే, తెరదీ నిజమే, రెండిటి మధ్యా ఇంత పెద్ద ప్రపంచం ఉందే అన్నట్టు చూసింది. తన రాతలో రెండూ పెట్టింది. చలిదేశం సంగతి కింద ఆ పేజీ పేరు రాసింది. తమ ఇంటి సంగతి కింద, చెప్పినవారు మా అవ్వ, పురుగులకు ఆకు వేస్తా చెప్పింది, అని రాసింది. మేడమ్ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని, కళ్ళద్దాలు తుడుచుకునే నెపంతో కాసేపు బయటికి పోయారు.

ఇదంతా బాగానే ఉంది గానీ అంగడి మాత్రం చిక్కిపోతూ వచ్చింది. వేరే బడుల పిల్లలు, వీధి చివర ఇంకొకరు పెట్టిన సెంటరుకు పోయి రెడీమేడ్ ప్రాజెక్టులు తెచ్చుకునేవాళ్ళు. అక్కడ పూల అంచు కాక బంగారు అంచట. మేడమ్ మీద నాకు లోపల్లోపల కోపం పేరుకుంటూనే ఉండింది. ఉగాదికి కొద్దిరోజుల ముందు, సరిగ్గా ఒక శనివారం, నాన్న వచ్చాడు. తాళంచెవి అడగడానికే వచ్చాడని నడకలోనే తెలిసిపోయింది. ఆ వారం పిల్లలు బెల్లం గురించి వెతుకుతున్నారు. తెల్ల బెల్లం మంచిదా, నల్లదా అని వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటుంటే నాన్న గడప దగ్గరే ఆగిపోయి విన్నాడు. ఆగలేక ఏదో అన్నాడు. వెంటనే ఒక పిల్లవాడు కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. మీకెట్ల తెలుసు, ఎవురు చెప్పినారు, వేరేవాళ్ళు కూడా అట్లే అంటారా అని అడిగాడు. తన జీవితంలో నాన్నను ఎవరూ అంత మర్యాదగా అనుమానించి ఉండరు. రంగు ఎందుకు మారుతుందో, ఏ పాకం ఎన్నాళ్ళు నిలుస్తుందో, తన అంగట్లో బేరం ఎదురుచూస్తోందన్న సంగతి మరచి చెబుతూ పోయాడు. చివర పిల్లవాడు, చెప్పినవారు సుబ్బరాయ సెట్టి, చిల్లర అంగడి, చింతామణి, అని రాసి చూపించాడు. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. పోతూ పోతూ నాతో అన్నదొక్కటే.

"వచ్చే వారం వాళ్ళు దేన్ని గురించి చదవతారో ముందే చెప్పు. తెలిసినోళ్ళను పంపిస్తా."

తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. ఆ తరువాత అంగడి నిలబడింది అని గొప్పగా చెప్పుకోను. కూలబడలేదు, అంతే. పిల్లలు వారం మధ్యలో కూడా రావడం మొదలుపెట్టారు. ఆకు తెగులు సంగతి వెతకమని వాళ్ళ నాన్నలు వచ్చారు. నేను జవాబులు ఎత్తి ఇవ్వడం మాని, పక్కన నిలబడి ఓపిక పట్టడం నేర్చుకున్నాను. ఇప్పటికీ నా బతుకుతెరువు అదే. ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే నమ్మడానికీ నమ్మకపోవడానికీ ముందు నాలో ఒక చిన్న ఆలస్యం జరుగుతుంది. ఆ ఆలస్యం మేడమ్‌ది.

మేడమ్ రిటైరైన కొన్నాళ్ళకు ఒంటరిగా, కుంటుతూ వచ్చారు. మోకాలికి ఆపరేషన్ చెయ్యాలంటాండారప్పా, దాని సంగతి ఏదో తీసి ప్రింటు ఇచ్చెయ్, ఇంట్లో చదువుకుంటా, అన్నారు. నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ క్షణానికి. ఇక్కడ ప్రింటు అమ్మడం ఆపేసి శానా కాలమాయె మేడమ్ అని చెప్పి, ఏడో తరగతి పిల్లలిద్దరి మధ్య కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఆమె మౌసును ఎటు తిప్పి పట్టుకోవాలో తెలీక పిల్లల వైపు చూశారు. అన్ని శనివారాలూ పిల్లల వెనక నిలబడి నడిపించిన మనిషి, ఒక్కసారి కూడా మౌసు ముట్టుకోలేదని నాకు అప్పుడు తెలిసింది. వేలు పెట్టకూడదని నన్ను మాత్రమే కాదు, తనను తాను కూడా కట్టేసుకున్నారేమో, నేనడగలేదు. టీ తాగొస్తానని బయటికి వచ్చేశాను. ఓరగా తెరిచి ఉన్న గాజు తలుపు అవతల ఆమె ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ ఒంటి వేలితో కొడుతున్నారు, రెండో చెయ్యి మౌసును బిగించి పట్టుకునే ఉంది. పక్కనున్న చిన్నపిల్ల ఆమె మణికట్టు పట్టుకుని చెబుతోంది.

"అంత గట్టిగా పట్టుకోవద్దు మిస్, అది యాడికీ పోదు."

నేను ఇంకో టీ చెప్పాను.