దర్వాజ మీది వరద గీత

యూనివర్సిటీలో చేరిన మొదటి వారం నాకు అంతుపట్టని విషయం ఒకటే. అక్కడ ల్యాబ్‌ల తలుపులు పగలంతా తెరిచే ఉండేవి. దాటిపోతూ లోపలికి తొంగిచూస్తే ఎవరూ కసిరేవారు కాదు. ఒకరోజు ముక్కూ ముఖం తెలియని సీనియర్ ఒకతను నన్ను లోపలికి పిలిచి, మెస్సులో పాడైన బ్రెడ్డు ముక్క మీది బూజును మైక్రోస్కోపులో చూపించాడు. అంతకుముందు రెండేళ్లు నేను ఖమ్మంలో ఇంటర్ చదివిన కాలేజీలో ల్యాబ్ తాళం ప్రాక్టికల్స్‌కు వారం ముందు మాత్రమే తీసేవారు. డౌట్ అడిగితే సిలబస్‌లో లేదనేవారు. సిలబస్‌లో ఉన్నదే అడిగితే ఇప్పుడు టైం లేదనేవారు. నోరు ఊరుకోని నాలాంటి పిల్ల రెండేళ్లు అక్కడ కుక్కిన పేనులా ఎలా పడి ఉందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ అడిగే జబ్బు నాకు మా నాయిన నుంచి వచ్చింది. ఆయన బొగ్గు గనిలో సర్వే సెక్షన్ హెల్పర్. సర్వేయర్ సారు లెవెల్ మిషన్‌లోంచి చూస్తుంటే, దూరంగా అంకెలున్న కర్రను నిలువుగా పట్టుకుని నిలబడడం ఆయన పని. పట్టుకుని ఊరుకునే మనిషి కాదు. ఏ అంకె వచ్చింది, ఎందుకొచ్చింది అని సారును అడిగి తెలుసుకుని, క్వార్టర్‌కు వచ్చాక అన్నం తింటూ మాకు చెప్పేవాడు. అమ్మకు అది విసుగు, నాకు పండగ. నాకు స్కాలర్‌షిప్ మీద నగరం శివారులోని ప్రైవేటు యూనివర్సిటీలో సీటొచ్చినప్పుడు చుట్టాలంతా ఉద్యోగం గ్యారంటీయేనా అని అడిగారు. ఆయన ఒక్కడే అక్కడ ఏమేం మిషన్లు ఉంటాయని అడిగాడు.

మిషన్లు చాలానే ఉన్నాయి. అంతకంటే వింత ఏమిటంటే, డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు కూడా వాటిని ముట్టుకోవచ్చు. ఎండాకాలం సెలవుల్లో ఏదైనా ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేయాలనుకుంటే ఒక ఉత్తరం రాసి అడగాలట. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, నేను నదుల మీద పనిచేసే మేడమ్‌కు రాశాను. ఆమె గదిలో గోడంత గోదావరి పటం ఉంది. నీటిమట్టం కొలిచే చోట్లకు ఎర్ర చుక్కలు పెట్టారు. చుక్కకూ చుక్కకూ మధ్య బోలెడంత ఖాళీ.

దుమ్ముగూడెం పక్కన మా అమ్మమ్మ ఊరు ఆ ఖాళీలోనే ఉంది. పెద్ద వరద ఎక్కడిదాకా వచ్చిందో మా దగ్గర ఇళ్ల మీద గీతలు ఉంటాయని ఆమెకు చెప్పాను. ఎవరు గీస్తారని అడిగారు. నీళ్లు వెనక్కి తీశాక తిరిగి వచ్చి బురద ఎత్తిపోసుకున్నవాళ్లు గీస్తారని చెప్పాను. ఎన్ని గీతలు ఉంటాయని అడిగారు. తెలియదన్నాను. పాత కాలేజీలో తెలియదంటే బెంచీ ఎక్కి నిలబడాలి. ఇక్కడ ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని, అయితే వెళ్లి చూసి రమ్మన్నారు.

ఆ వేసవికి ఆమె నాతో కలిపి నలుగురిని తీసుకున్నారు. ఆగస్టులో అందరం మా పనిని పోస్టర్ల మీద చూపించాలి. అది చూశాక ఒక్కరిని చదువు పూర్తయ్యేదాకా తన ల్యాబ్‌లో ఉంచుకుంటారు. ఆ ఒక్కరు నేనే కావాలని నాకు ఎంత ఆశగా ఉండేదంటే, ఆ ల్యాబ్‌లో ఏ కిటికీ పక్క కూర్చోవాలో కూడా ముందే చూసి పెట్టుకున్నాను.

మే నెలలో భద్రాచలంలో బస్సు దిగి, ఉపగ్రహాలతో మాట్లాడి ఎత్తు చెప్పే జీపీఎస్ మిషన్‌ను, దాని మూడు కాళ్ల స్టాండును మోసుకుని ఊరూరా తిరిగాను. గవర్నమెంటు సర్వేనా, మళ్లీ ఊరు ఖాళీ చేయిస్తారా అని కొందరు అనుమానంగా అడిగారు. ఒక సంతలో కొండమీది గూడేల నుంచి వచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి తమ భాషలో ఏదో అనుకుని పడీ పడీ నవ్వారు. ఏమనుకున్నారో చెప్పేదాకా నేను కదల్లేదు. మూడు కాళ్ల మేకను మేపుతున్నానని అన్నారట. బడి గోడ మీద ఒక గీత, పంచాయతీ ఆఫీసు మీద ఒకటి, కిరాణా కొట్టు వెనక పెయింటుతో వేసినది ఒకటి, అలా తొమ్మిది గీతలు దొరికాయి.

పదోది అమ్మమ్మ ఇంట్లోనే ఉంది. ఆ ఇంటి పెద్ద దర్వాజ టేకుది. దాని నిలువు చట్రం మీద, నా భుజం ఎత్తులో, తాత గొడ్డలితో కొట్టిన గాటు ఉంది. పండగ పండగకూ పసుపు రాయడంతో ఆ గాటు పచ్చగా నిండిపోయింది. చిన్నప్పుడు దాని కింద నిలబడి ఎంత పొడుగయ్యానో చూసుకునేదాన్ని. ఆ రోజు మిషన్ పెట్టి కొలుస్తుంటే అమ్మమ్మ మజ్జిగ తెచ్చి పక్కన నిలబడింది. "ఆ దర్వాజ కథ పెద్దది బిడ్డా. కూసో, చెప్త," అంది. మిషన్‌లో చార్జింగ్ అయిపోతోంది, చివరి బస్సు దాటిపోతుంది. "తర్వాత చెప్పు అమ్మమ్మా," అని మజ్జిగ నిలబడే తాగేసి, ఫోటో తీసుకుని బయటపడ్డాను.

హాస్టల్‌కు వచ్చి పటం మీద పది ఎత్తులూ గుర్తుపెడితే తొమ్మిది బుద్ధిగా వరుసలో నిలిచాయి. నది కిందికి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చాయి. పదోది మాత్రం మిగతావాటి కంటే నిలువెత్తు మనిషంత పైన కూర్చుంది. అది చూసి నేను అనుమానపడాల్సింది. అనుమానపడకపోగా మురిసిపోయాను. ఇంతవరకూ ఎవరికీ తెలియనిది నాకు దొరికిందనుకున్నాను. అక్కడ కొండ నదిని నొక్కిపెట్టి ఉంటుందని, అందుకే నీళ్లు పోగుపడి పైకి లేచాయని ఒక కారణం కూడా కనిపెట్టాను. కాకిపిల్ల కాకికి ముద్దు. మేడమ్ విని, ఇంకేదైనా కారణం ఉండొచ్చేమో చూశావా అన్నారు. మిషన్‌తో మూడుసార్లు కొలిచానని పౌరుషంగా చెప్పాను. మిషన్ తప్పు నిజంగానే ఏమీ లేదు. పోస్టర్ నడిమధ్యలో అమ్మమ్మ దర్వాజ ఫోటో పెద్దది పెట్టి అచ్చు వేయించాను.

పోస్టర్ల రోజుకు రెండు రోజుల ముందు నాయిన వచ్చాడు. క్యాంపస్ చూడడం ఆయనకు అదే మొదటిసారి. నాకిచ్చిన చింతకాయ తొక్కు సీసా కంటే ఎక్కువ ప్రశ్నలు వెంట తెచ్చుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనతో, లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఆవిడతో, అందరితో మాట్లాడాడు. ల్యాబ్‌లో లెవెల్ మిషన్‌ను చూసి, మా గనిలో ఉన్నదానికి ఇది చిన్నతమ్ముడు అన్నాడు. తర్వాత గోడకు అతికించి ఉన్న నా పోస్టర్ ముందు నిలబడ్డాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. ఫోటో చూశాడు, పటం చూశాడు, అన్నిటికంటే పైనున్న చుక్క మీద వేలు పెట్టి అదేమిటని అడిగాడు. నేను కొండ కథంతా ఉత్సాహంగా చెప్పాను. ఆయన మళ్లీ ఫోటో దగ్గరికి జరిగి ఆ గాటును తేరిపార చూశాడు.

"ఈ దర్వాజను నేనే మోసిన, బిడ్డా," అన్నాడు.

అమ్మకూ ఆయనకూ పెళ్లయిన మరుసటేడు ఆ వరద వచ్చిందట. అప్పుడు అమ్మమ్మ వాళ్ల ఇల్లు కింద, నది ఒడ్డున ఉండేది. మట్టిగోడలన్నీ కూలి దర్వాజ ఒక్కటే నిలబడింది. తాత దాని మీదే గాటు కొట్టి, ఇక ఇక్కడ ఉండేది లేదన్నాడు. పైన రోడ్డు పక్క దిబ్బ మీద కొత్త ఇల్లు కట్టాడు. దర్వాజ మాత్రం ఆయన తండ్రి చేయించినదని వదలబుద్ధి కాక, గడపతో సహా నలుగురి చేత పైకి మోయించాడు. ఆ నలుగురిలో కొత్త అల్లుడు ఒకడు. మా దగ్గర అది వింతేమీ కాదు. ఇల్లు మారినా పాత దర్వాజను తెచ్చి నిలబెట్టి, పసుపు రాసి, కొబ్బరికాయ కొడతారు. అమ్మమ్మ వాళ్లు ఒకప్పుడు కింద ఉండేవారని నేనూ విన్నాను. తలుపు కూడా గీతతో సహా గట్టెక్కి వచ్చి ఉంటుందని మాత్రం తట్టలేదు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది కూడా నాయిన మీదే. ఇంకో మూడు రోజులు ఆగి రాకూడదా అనిపించింది. ఆయన చెప్పకపోతే ఈ యూనివర్సిటీలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసింది కూడా మా ఇద్దరికే. ఆయన నా ముఖం చూశాడు గానీ చెప్పమనీ అనలేదు, ఊరుకోమనీ అనలేదు. ఈ లెక్క చూసి ఎవరు ఏం చేస్తారని అడిగాడు. వరద పటం గీస్తారని, ఏ ఇళ్లు ముందు ఖాళీ చేయించాలో దాన్ని బట్టి చూసుకుంటారని చెప్పాను. ఆయన తలూపాడు.

"గనిల గోడకు అవుతల పాత తవ్వకాలల్ల నీళ్లుంటయ్," అన్నాడు. "లెవెల్ తప్పు రాసుకుంటే తెల్వక ఆ గోడనే తవ్వుతం. అప్పుడు తప్పు రాసినోడు పైన ఆఫీసుల ఉంటడు. కింద మేముంటం. అందుకే గుర్తు ఎప్పుడన్నా కదలని రాయి మీదనే పెడ్తరు."

ఆయనను బస్సెక్కించి నేరుగా మేడమ్ గదికి వెళ్లాను. జరిగిందంతా చెప్పేశాను. ఆమె తిడతారనుకున్నాను, కనీసం నిట్టూరుస్తారనుకున్నాను. పోస్టర్ మళ్లీ అచ్చు వేయడానికి టైం లేదు కాబట్టి చేత్తోనే దిద్దుకోమన్నారు. తర్వాత పటం వైపు తిరిగి, మరి ఆ తలుపు అసలు ఎక్కడ ఉండేదని అడిగారు. ఈసారి తెలియదనడానికి సిగ్గేసింది.

పై చుక్కను ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఈ దర్వాజ ఇల్లు మారింది అని పక్కన రాశాను. పోస్టర్ల రోజు వచ్చినవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు ఆగి అడిగారు. ల్యాబ్‌లో చోటు మా నలుగురిలో ఇసుక రేణువులు లెక్కపెట్టిన అబ్బాయికి వచ్చింది. అతని పని నిజంగానే బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ కిటికీ పక్క అతను కూర్చుంటే మూడో వారం కూడా కడుపులో మంటగానే ఉండేది. కానీ మేడమ్ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. దసరా సెలవులకు జీపీఎస్‌తో పాటు లెవెల్ మిషన్, కర్ర కూడా ఇస్తారా అని అడిగితే ఆమె వెంటనే సంతకం పెట్టి ఇచ్చేశారు.

నాయిన డ్యూటీకి సెలవు పెట్టి నాతో వచ్చాడు. మమ్మల్ని చూసి అమ్మమ్మ మజ్జిగ కలపబోయింది. నేను ఆమెను ఆపి, పాత ఇంటి జాగా చూపించమన్నాను. ఆమె కాసేపు నన్ను తేరిపార చూసి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ముందు నడిచింది. అక్కడిప్పుడు వాళ్లదే మిరప చేను. మోటారు పక్కన ఒక నల్లటి బండ ఉంది, కూలోళ్లు దాని మీద కాళ్లు కడుక్కుంటారు. ఆ బండ గడప ముందు మెట్టట. ఇది ఇక్కడే ఉండేదా, ఎవరన్నా జరిపారా అని అడిగాను.

"దాన్ని జరపాలంటే మీ తాత మళ్ల పుట్టాలె," అంది అమ్మమ్మ.

గడప ఆ మెట్టుకు ఎంత పైన ఉండేదని అడిగితే జాన పెట్టి చూపించింది. నాయిన బండ మీద కర్ర నిలబెట్టాడు, నేను ఆయన సారులా లెవెల్ మిషన్‌లోంచి చూశాను. బండ ఎత్తుకు ఆమె జానను, గడప నుంచి గాటు దాకా ఉన్న ఎత్తును కలిపాను. పదో చుక్క కిందికి దిగి మిగతా తొమ్మిదింటి పక్కన వరుసలో నిలబడింది. కొండా లేదు, నొక్కిపెట్టడమూ లేదు. నది అందరి ఇళ్లకూ వచ్చినట్టే మా ఇంటికీ వచ్చింది.

ఆనందం పట్టలేక ఆ లెక్క అమ్మమ్మకు చూపించాను. ఊళ్లన్నీ తిరిగి కనుక్కున్నా గానీ మన దర్వాజ సంగతే నాకు తెలియలేదన్నాను.

"చంకల పిల్లను పెట్టుకొని ఊరంత ఎతికినవ్," అంది. నవ్వుతూనే అంది. తర్వాత బండ మీది మట్టి కాలితో తుడుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "వచ్చినవ్, కొలిచినవ్, ఫోటో తీసుకొని పోయినవ్. దర్వాజను అడిగినవ్ గని నన్ను అడగలే. ఆ నీళ్లల్ల నిలబడ్డది నేను గదా."

ప్రపంచాన్నంతా ప్రశ్నలతో చంపుకుతినే పిల్లను నేను. చిన్నప్పటి నుంచి ఆ గాటు కింద నిలబడి నా ఎత్తు చూసుకున్నాను తప్ప, ఆ రోజు నీళ్లు ఆమెకు ఎంత ఎత్తున ఉన్నాయో ఒక్కసారి కూడా చూసుకోలేదు. నా భుజం ఎత్తు గీత అది. అమ్మమ్మ నాకంటే చాలా పొట్టి.

ఇప్పుడు చెప్పు అమ్మమ్మా, మొదటి నుంచి చెప్పు అన్నాను.

"ఇప్పుడు నాకు తీరదు బిడ్డా. కరెంటున్నప్పుడే నీళ్లు పారియ్యాలె. తర్వాత చెప్త," అని ఆమె పార భుజాన వేసుకుని చేనులోకి పోయింది.

మిషన్లు నాయినకు అప్పజెప్పి, చెప్పులు గట్టు మీద విడిచి, నేనూ ఆమె వెనకాలే సాలు పట్టుకుని నడిచాను.