పేరు చెప్పని ప్రార్థన మనవి

సంతోషకుమారి టీచరు చెడ్డ మనిషని ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో ఎండుమిరపకాయ కుక్కాలి. ముప్పై రెండేళ్ళు పర్చూరు చుట్టుపక్కల బళ్ళలో ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడిచి అక్షరాలు దిద్దించిన మనిషి. రిటైరయ్యాక హాయిగా ఫ్యాను కింద కూర్చుని సీరియళ్ళు చూసుకుంటే వద్దనేవాళ్ళెవరు? భర్త కరుణాకర్ మాస్టారు పోయి ఏడేళ్ళయింది, పిల్లలు లేరు, పెన్షను వస్తోంది. అయినా మంగళవారం, శుక్రవారం పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని ఊరి చివర గవర్నమెంటాసుపత్రికి బయల్దేరేది. అక్కడ కౌన్సెలరు ఉద్యోగం ఖాళీగా ఉంది. డాక్టరమ్మ అడిగిందని, జీతం భత్యం లేకుండా ఈవిడ ఆ కుర్చీలో కూర్చుంది. అంతకుముందు గుంటూరులో మూడు రోజులు ట్రైనింగు కూడా ఇప్పించారు.

ఇంజక్షన్ల గది పక్కన ఆమెకిచ్చింది చిన్న గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గుమ్మానికి ఆకుపచ్చ కర్టెను. వచ్చేవాళ్ళు రకరకాలు. టీబీ మాత్రలు నెల మింగి మానేసినవాళ్ళు, మొగుడి తాగుడు భరించలేనివాళ్ళు, రక్తం తక్కువై కళ్ళు తిరిగే ఆడకూలీలు. టీచరు అందరి మాటా ఓపిగ్గా వినేది. వాళ్ళు ఏడిస్తే తనూ ఏడ్చేది. ఆ గదిలో విన్నది గడప దాటకూడదని ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు. టీచరు అది నోటుబుక్కులో రాసుకుని, కింద ఎర్ర గీత కూడా గీసింది. ఏం లాభం!

లిడియా ఆ గదిలోకి మొదటిసారి వచ్చింది కిందటి దీపావళి ముందు. ఇరవై రెండేళ్ళ పిల్ల, నల్లపాడు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి ఏడాదైనా కాలేదు. మూడో నెల అని రక్తపరీక్షలు చేస్తే హెచ్‌ఐవీ ఉందని తేలింది. డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పి టీచరు దగ్గరికి పంపింది. లిడియా ఏడవలేదు. కుర్చీ అంచున కూర్చుని పవిట చెంగు వేలికి చుట్టుకుంటూ, "మా అత్తకి తెలిస్తే ఇవాళే బయటికి గెంటుద్ది టీచరు గారూ. మా ఆయన ఏమంటాడో నాకు తెలవదు. ఎవరికీ చెప్పబాకండి" అంది.

"నా ప్రాణం పోయినా చెప్పనే తల్లీ," అంది టీచరు. "నువ్వు మాత్రం మాత్ర మానకు, ఒక్కరోజు కూడా. రోజూ మింగితే కడుపులో బిడ్డకి జబ్బు అంటకుండా కాపాడుకోవచ్చు. నీకూ ఏం కాదు, అందరిలాగే బతుకుతావు. మీ ఆయన్ని కూడా తీసుకురావాలి, ఆయనకీ పరీక్ష చెయ్యాలి."

"కొంచెం టైమివ్వండి," అంది లిడియా.

అప్పటినుంచి మాత్రలు తీసుకుని, ఐరన్ మాత్రల డబ్బాలో పోసుకుని ఇంటికి వెళ్ళేది. అత్త చూసినా రక్తం పట్టడానికే అనుకునేది. మొగుణ్ణి తీసుకురమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపేది. టీచరు బతిమాలేది, కోప్పడేది, మళ్ళీ బతిమాలేది. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఇక టీచరు చేసిన ఘనకార్యం వినండి. శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో స్త్రీల ఉపవాస కూడిక ఉంటుంది. చివర్లో ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవులు చెప్పాలి. మా వాడి ఇంటర్వ్యూ, మా మిరపచేనుకి తామర పురుగు, మా వదిన మోకాలు, ఇలా. చెప్పినదాని కోసం అందరూ కలిసి ప్రార్థిస్తారు. ఎంతమంది అడిగితే అంత బలమని వాళ్ళ నమ్మకం. ముప్పై ఏళ్ళుగా ఆ కూడికలో ఏదీ దాచుకోకుండా చెప్పుకోవడమే టీచరుకి అలవాటు. ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం ఆవిడ ఆసుపత్రి నుంచి సరాసరి అక్కడికే వెళ్ళింది. ఆ పొద్దున లిడియా, "బిడ్డకి కూడా వచ్చుద్దేమోనని భయంగా ఉందండీ" అని బల్ల మీద తల పెట్టి ఏడ్చి వెళ్ళింది. ఆ ఏడుపు టీచరు గుండెలో అలాగే ఉంది. తన వంతు రాగానే నోరు జారింది.

"మన సంఘంలోనే ఒక సహోదరి ఉంది. రక్తంలో పెద్ద జబ్బు. బతికినంతకాలం మాత్రలు మింగాలి. ఇంట్లో చెప్పుకోలేక ఏడుస్తోంది. పేరు చెప్పను. ప్రార్థన చెయ్యండి."

గర్భిణి అన్న మాట ఒక్కటే ఎలాగో నోట్లోనే ఆగింది. పేరు చెప్పలేదు కదా, తప్పేముందనుకుంది పిచ్చి మనిషి! నలభై మంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని కన్నీళ్ళతో ప్రార్థించారు. కళ్ళు తెరిచాక ఎవరై ఉంటారా అని వెతకడం మొదలెట్టారు.

ఆదివారం గడవకముందే మాట కల్లాల్లోకి వెళ్ళింది. ఆరబోసిన మిరపకాయల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళకి చేతులకే గానీ నోటికి పనేముంటుంది? ఈమధ్య టీచరు గదిలోంచి ఎవరొచ్చారు? క్రిస్టీనా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది, చేతిలో మాత్రలున్నాయి. మొగుడు ఆదాం మిరపకాయల లారీ తోలుకుంటూ పది ఊళ్ళు తిరుగుతాడు. ఇంకేం కావాలి! నిజానికి క్రిస్టీనాకి రక్తం తక్కువ, అంతే. బెల్లం తినవే, తోటకూర తినవే అని తిట్టి ఐరన్ మాత్రలిచ్చి పంపింది టీచరే.

సోమవారం సాయంత్రం ఆదాం, అతని తల్లి దేవకుమారి టీచరు ఇంటికొచ్చారు. కూర్చోమన్నా దేవకుమారి కూర్చోలేదు.

"మా కోడలేనా టీచరు గారూ?"

"కాదు దేవకుమారీ! నా మీద ఒట్టు. ఆ పిల్లకి రక్తం తక్కువ, అంతే."

"అయితే ఎవరో చెప్పండి."

"చెప్పకూడదమ్మా."

"చూశావట్రా?" అని దేవకుమారి కొడుకు వైపు తిరిగింది. "మన మనిషి కాకపోతే ఈవిడకెందుకు ఇంత దాపరికం?"

ఆదాం తలెత్తలేదు. "టీ కొట్టు కాడ నాకు కాగితం గ్లాసులో పోస్తన్నారండి. మిగతా అందరికీ గాజు గ్లాసే. దాన్ని చీరాల పంపిచ్చేశా, వాళ్ళమ్మ దగ్గరికి. పిల్లని నా దగ్గరే ఉంచుకున్నా" అన్నాడు.

"అయ్యో, అదేం పని నాయనా! పరీక్ష చేయించు. నువ్వే దగ్గరుండి చేయించు. ఏం లేదని తేలుద్ది."

"చేయిస్తాం," అంది దేవకుమారి. "దానికొక్కదానికే ఎందుకు? మీ గదిలోకి పోయినోళ్ళు మన సంఘంలో ఆరుగురంట. ఆరుగురికీ చేయించాల్సిందే. వచ్చే ఆదివారం ప్రభు సంస్కారం ఉంది, ద్రాక్షరసం అందరం ఒక్క పాత్రలోనే తాగాలి. ఎవరికుందో తేలకుండా నేను మాత్రం నోట పెట్టను. పాస్టరయ్యగారితో చెప్పా. సంఘ పెద్దల్ని పిలుస్తానన్నారు."

ఆ ఆరుగురిలో లిడియా ఉంది. వాళ్ళు వెళ్ళిపోయాక టీచరు అరుగు మీద అలాగే కూలబడింది. నోరు మూసుకుంటే క్రిస్టీనా సంసారం పోతుంది. క్రిస్టీనాకి లేదని తేలితే ఊరు ఊరుకుంటుందా? ఇంక ఐదుగురే మిగులుతారు. ఒక్కొక్కరే తేలిపోతూ లిడియా గుమ్మం దాకా వచ్చేస్తారు. ఎనిమిదో నెల పిల్లని అత్త రోడ్డు మీద నిలబెడుతుంది, మాత్రలు ఆగిపోతాయి, లోపలున్న బిడ్డకి దిక్కుండదు. ఇదంతా తన నోటి నుంచి వచ్చిన నాలుగు మాటలకి!

మంగళవారం డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "బలవంతంగా ఎవరికీ పరీక్ష చెయ్యకూడదు, చట్టం ఒప్పుకోదు. నేను చెయ్యను," అంది ఆవిడ. "కానీ బయట ఎక్కడో చేయిస్తే ఆపడం నా చేతిలో లేదు. మీరా టీచరు గారూ! ఈ గదిని నమ్మి ఇంక ఎవరొస్తారు?"

ఆ రోజు లిడియా మాత్రలకి రావాలి. రాలేదు. ఫోను చేస్తే కట్ చేసింది. సాయంత్రం పశువుల పాక వెనక నుంచి తనే చేసింది, గొంతు తగ్గించి. "ఇంక నేను రానండీ. అందరూ ఆ గది వంకే చూస్తన్నారు. నాలుగు మాత్రలున్నయ్."

"నేనే తెచ్చిస్తానే!"

"మీరు మా ఇంటికొస్తే ఇంకేమన్నా ఉందా? మీకు దణ్ణం పెడతా, రాబాకండి." ఫోను ఆగిపోయింది.

నాలుగంటే శనివారంతో సరి. గేటు చప్పుడైతే టీచరు ఉలిక్కిపడింది. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటుంటే కిటికీ మూసేసింది. దేవుణ్ణి అడుగుదామంటే ప్రార్థన మొదలెట్టడానికే భయం, మళ్ళీ నోట్లోంచి ఏ మాట వస్తుందోనని. గురువారం పెద్దలు కూర్చుని ఆరు పేర్లూ కాగితం మీద రాశారని తెలిసింది. శుక్రవారం ఆసుపత్రి గదిలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కతే కూర్చుంది. ఒక్క మనిషి కూడా కర్టెను తొలగించలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద, మగవాళ్ళు కుడివైపు. బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన పాత్ర. లిడియా మూడో వరసలో అత్త పక్కన కూర్చుంది, పొట్ట మీద చెయ్యి వేసుకుని. జయపాల్ అయ్యగారు వాక్యం ముగించి, "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే చెప్పండి. తర్వాత మన పెద్దలు ఒక మాట చెబుతారు" అన్నారు. ఆ మాటేమిటో అందరికీ తెలుసు. ఆరు పేర్ల కాగితం ముందు వరసలోని పెద్దాయన జేబులో ఉంది.

టీచరు లేచి నిలబడింది.

"ఆ శుక్రవారం నేను చెప్పిన సహోదరి నేనే. ఆ జబ్బు నాకే ఉంది. మాత్రలు మింగేది నేనే. సిగ్గేసి ఎవరికో ఉన్నట్టు చెప్పాను. క్రిస్టీనాకి ఏమీ లేదు. ఆదాం, పోయి నీ భార్యని తెచ్చుకో నాయనా. అయ్యగారూ, ఆ కాగితం చింపేయించండి."

దేవకుమారి ఊరుకునే రకమా? కూర్చున్నచోటు నుంచే అడిగింది. "ఇంట్లో చెప్పుకోలేక ఏడుస్తందన్నారుగా. మీ ఇంట్లో ఎవరున్నారని?"

"ఎవరూ లేకే ఏడ్చాను దేవకుమారీ," అంది టీచరు.

దేవకుమారి మొహం పక్కకి తిప్పుకుంది. గండం గడిచిందనుకుంది టీచరు. అంతలో వెనక నుంచి ఎవరో ఆడమనిషి గుసగుసగా, "అయితే మాస్టారు పోయింది కిడ్నీలతో కాదన్నమాట" అంది. "అందుకేగా గుంటూరులో అన్నాళ్ళు ఉంచింది!" అంది ఇంకో గొంతు.

ఇది మాత్రం టీచరు అనుకోలేదు. వారం రోజులూ తన పరువు గురించే ఆలోచించి, పోతే పోనీ అని గట్టిపడింది. మనిషి లేడు కదా, ఆయన్నెవరు ఏమంటారనుకుంది. కరుణాకర్ మాస్టారు ఆఖరి మూడు నెలలు గుంటూరు ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద, "నీకు శ్రమ ఇస్తున్నానే" అని చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషి. పరాయి ఆడదాన్ని కన్నెత్తి చూసి ఎరగడు. ఆయన్ని ఒక్క మాటనకండి అని అరవాలనిపించింది. అరిస్తే కట్టిన అబద్ధమంతా ఊడిపోతుంది. పెదవి కొరుక్కుని కూర్చుంది. లోపల మాత్రం కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

పెద్దాయన కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. ఆదాం బయటికెళ్ళి ఫోను చెవిన పెట్టుకున్నాడు.

సంస్కారం మొదలైంది. పదిమంది పదిమందిగా వెళ్ళి బల్ల ముందు మోకాళ్ళూనాలి. టీచరు వెళ్ళి మోకరించింది. కుడిపక్కనున్న ఆవిడ లేచి అవతలికి జరిగింది. ఎడమపక్కావిడ అసలు రాలేదు. వాళ్ళిద్దరికీ ఆ ఆకుపచ్చ కర్టెను వెనక టీచరే చెప్పింది, ఒక పాత్రలో తాగితే రాదమ్మా, ఒక కంచంలో తింటే రాదమ్మా అని. తలలూపి విన్నారు. ఇవాళ ఇటూ అటూ ఖాళీ చాప. అయ్యగారు పాత్ర పట్టుకుని, టీచరుకి ముందివ్వాలో చివర్లో ఇవ్వాలో తెలియక నిలబడిపోయారు.

వెనక నుంచి బరువైన అడుగులు వినిపించాయి. టీచరు తిరిగి చూడకుండానే పోల్చుకుంది. నెలలు నిండే పిల్ల నడక. లిడియా ఒక చెయ్యి నడుముకి ఆనించి, నెమ్మదిగా ఆ ఖాళీలో టీచరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"పోవే," అంది టీచరు పెదాలు కదలకుండా. "అందరూ చూస్తున్నారు. దూరంగా పో."

"నిన్నటితో మాత్రలైపోయినయ్యండి," అంది లిడియా తల వంచుకునే. "రేపొద్దున మా ఆయన్ని తీసుకుని వస్తా. మీరు గదిలో ఉండండి."

అయ్యగారు పాత్ర అందించారు. టీచరు తాగింది. ఆయన గుడ్డతో అంచు తుడవబోతుంటే లిడియా చెయ్యి చాపి పాత్ర తీసుకుంది, టీచరు పెదవి ఆనిన చోటే తనూ ఆనించి తాగింది.

"లిడియా!" అని చాపల మీంచి అత్త గట్టిగా పిలిచింది. మగవాళ్ళ వైపు లిడియా మొగుడు లేచి నిలబడ్డాడు. లిడియా తిరగలేదు. టీచరు ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.